అడుగు లోతు నీటిలో ముక్కుల పనితనం

కొల్లేరు ఎంత పెద్దదో చెప్పవలసి వచ్చినప్పుడు చదరపు కిలోమీటర్ల లెక్క చెప్పడం వాడుక. నీటి అంచున నడుస్తూ పొట్ట పోసుకొనే పక్షులకు మాత్రం ఆ సరస్సు విలువ అంగుళాలలో తేలుతుంది. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ ఉన్న పల్లంలో, బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు తెచ్చి పోసే నీటితో నిండి, ఉప్పుటేరు గుండా బంగాళాఖాతంలోకి దిగిపోయే ఈ మంచినీటి సరస్సు పుట్టుకతోనే లోతు తక్కువది. వానలకు అది పొంగి పొలాల మీదికి పాకుతుంది, ఎండలకు తగ్గి లోపలికి జరుగుతుంది, అందువల్ల దాని అంచు ఏడాది పొడుగునా ఒకచోట నిలవదు. జరుగుతూపోయే ఆ అంచు వెంట, మడమ లోతు నుంచి మోకాలి లోతు వరకు ఉండే నీటిలోనే కొంగలు, కంకణాలు, ఉల్లంకులు తమ మేత వెతుక్కుంటాయి.

ఈ పక్షులలో చాలావాటికి బాతుకు ఉన్నట్టు వేళ్ల నడుమ నిండు పొర ఉండదు కనుక ఈత వాటి వృత్తి కాదు. కాళ్ల పొడవు అవి ఎంత లోతు నీటిలోకి దిగగలవో నిర్ణయిస్తే, ముక్కు పొడవు అవి బురదలో ఎంత లోపలికి వెతకగలవో నిర్ణయిస్తుంది. తడి బురద మీద చిన్న తీతువు జాతి పిట్టలు పరుగెత్తి, ఆగి, కంటికి కనిపించిన పురుగును పొడుచుకొంటుంటే, వాటికి బారెడు దూరంలోనే గులాబి రంగు సన్నని పొడుగుకాళ్ల పిట్ట పొట్ట తడిసేదాకా నడుస్తుంది, ఇంకా లోపల నారాయణపక్షి ఒంటరిగా నిలబడి ఉంటుంది. ఒకే నీటిలో ఇన్ని జాతులు అంతగా పోట్లాడుకోకుండా బతకగలగడానికి ముఖ్య కారణం ఈ పొడవుల తేడాయే.

నారాయణపక్షి, తెల్లకొంగ, గుడ్డికొంగ చూపు మీద ఆధారపడే వేటగాళ్లు. మనిషి దగ్గరికి వచ్చేదాకా కదలని కారణంగా జనం గుడ్డిదని పేరు పెట్టారు గాని, గుడ్డికొంగ బతుకంతా కంటిచూపే. కొంగ మెడలో ఒక వెన్నుపూస మిగిలినవాటికంటే పొడవుగా ఉండి అక్కడ మెడ మడత పడుతుంది, ఆ మడత ఒక్కసారిగా విచ్చుకొన్నప్పుడు ముక్కు బల్లెంలా దూసుకుపోతుంది. అయితే వేగం ఒక్కటే చాలదు. నీటిలోని వస్తువు నుంచి వచ్చే వెలుగు పైకి వచ్చేటప్పుడు వంగుతుంది కాబట్టి చేప ఉన్న చోటికంటే పైన ఉన్నట్టు కనిపిస్తుంది, కనిపించిన చోట పొడిచిన కొంగకు నీరే దక్కుతుంది. సముద్రతీరపు కొంగలపై జరిగిన ప్రయోగాలలో అవి ఈ తేడాను లెక్కలోకి తీసుకొనే గురి పెడతాయని తేలింది. చిన్న తెల్లకొంగ మరొక ఉపాయం కూడా చేస్తుంది: నల్లని కాళ్లకు పసుపుపచ్చ పాదాలున్న ఈ పక్షి ఒక పాదాన్ని బురదలో వణికించి, దాగిన రొయ్యపిల్లను, పరిగెపిల్లను కదిలించి, కదిలిన దాన్ని అందుకొంటుంది.

వానలకు కలగి ఎర్రబడిన కొల్లేటి నీటిలో చూపుకు పని తక్కువ. అక్కడ ఎర్రకాళ్ల కొంగ పద్ధతి గెలుస్తుంది. ఆ కొంగ తన పొడవైన పసుపు ముక్కును కొద్దిగా తెరిచి, ఇంచుమించు మొదలుదాకా నీటిలో ముంచి, తల అటూ ఇటూ ఊపుతూ మెల్లగా నడుస్తుంది, నడుస్తూ ఒక కాలితో బురదను కెలుకుతుంది, అప్పుడప్పుడు ఒక రెక్కను చప్పున విప్పి చేపలను బెదరగొడుతుంది. బెదిరిన చేప ముక్కుకు తగిలిందంటే ముక్కు మూసుకొంటుంది, చూసి నిర్ణయించే వ్యవధి అందులో లేదు. ఇదే కుటుంబానికి చెందిన అమెరికా కొంగలో ఆ మూసుకోవడం సెకనులో నలభైయవ వంతులో జరుగుతుందని 1963లో కొలిచారు. తెడ్డుమూతి కొంగ కూడా స్పర్శనే నమ్ముకొంది, కాకపోతే చివర చదునుగా వెడల్పయిన దాని ముక్కు కొడవలి తిప్పినట్టు నీటిని కోస్తూ సాగుతుంది.

వీటన్నిటిలో ప్రత్యేకంగా నిలిచి చూడవలసింది నత్తగుల్ల కొంగ పని. పెద్ద పక్షిలో ముక్కు పైదవడకు, కింది దవడకు నడుమ వెలుతురు కనబడేంత సందు ఉంటుంది, పిల్లకు ఆ సందు ఉండదు, పెరిగేకొద్దీ ఏర్పడుతుంది. పోకచెక్కను అడకత్తెరతో కొట్టినట్టు నత్తను ఆ సందులో ఇరికించి పగలగొడుతుందని ఒకప్పుడు అనుకొన్నారు గాని, పొలం గట్టు మీద ఈ కొంగలు మేసి వదిలిన గుల్లలను చేతిలోకి తీసుకొని చూస్తే ఆ ఊహ నిలవదు. చాలా గుల్లలు చెక్కుచెదరకుండా ఉంటాయి, లోపల మాత్రం ఖాళీ. పక్షి నీటి అడుగున తడిమి నత్తను పట్టుకొంటుంది, పై ముక్కుతో గుల్లను నేలకు అదిమిపెడుతుంది, కింది ముక్కు సన్నని కొనను గుల్ల మూత కిందుగా లోపలికి దూర్చి, నత్త ఒంటిని గుల్లకు అంటిపెట్టే కండరాన్ని తెంపుతుంది, ఆపై మెత్తని మాంసాన్ని మొత్తంగా బయటికి లాగుతుంది. తరచుగా ఒక పక్కకు వంగి ఉండే ఆ కొన, చుట్టలు తిరిగిన గుల్లలోకి దూరడానికి అనువుగా ఉంటుంది. ఏళ్లు పనిచేసిన కమ్మరి చేతి పట్టకారు కూడా ఇంత తగినట్టుగా ఉంటుందా అనిపిస్తుంది.

చలికాలంలో ఉత్తరాసియా నుంచి దిగే చిన్న పిట్టల సంగతి కొంత వేరు. ఉల్లంకి ముక్కు కొనలో ఒత్తిడిని పసిగట్టే సూక్ష్మమైన నరపు గుళికలు కిక్కిరిసి ఉంటాయి. అది ముక్కును బురదలో పాతి, మొదలు మూసి ఉంచి కొనను మాత్రమే తెరవగలదు, అందుచేత పురుగును బురదలోనే పట్టి లోపలికి చేర్చుకొంటుంది. కంటికి కనబడని ఆహారం కనుక అమావాస్య రాత్రి కూడా దాని మేత ఆగదు.

సరస్సు దాటితే, ఏలూరు కాలువ వెంట తాడేపల్లిగూడెం వైపు పరచుకొన్న వరిచేలు కూడా ఈ పక్షుల మేతభూములే. సార్వాకు దమ్ము చేసే రోజుల్లో ట్రాక్టరు వెనకే తెల్లకొంగలు బారు కడతాయి, తిరగబడిన మట్టిలోంచి బయటపడిన పురుగులను, కప్పపిల్లలను ఏరుకొంటాయి. నాటిన తర్వాత నత్తగుల్ల కొంగలు నత్తల కోసం లేత దుబ్బుల నడుమ తిరుగుతాయి. రైతు ఖర్చు లేకుండా పొందే ఈ సాయానికి దక్కవలసిన గుర్తింపు ఇంకా దక్కలేదు.

కొల్లేరులో సమస్య లోతు దగ్గరే మొదలైంది. సరస్సులో వేసిన చేపల చెరువు అంటే చుట్టూ ఎత్తయిన గట్టు, లోపల శీలావతి, బొచ్చె పెరగడానికి ఏడాదిలో చాలాకాలం నిలిపి ఉంచే లోతైన నీరు. గూడబాతు అందులో ఈది చేపను ముంచుకోగలదు, ఎర్రకాళ్ల కొంగ నిలవలేదు. విస్తీర్ణం లెక్కలో నీరు తగ్గినట్టు కనిపించదు గాని, వాలుగా దిగే అంచు పోయి దాని చోట నిటారు గట్టు వచ్చింది. సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తు కాంటూరు లోపలి 308 చదరపు కిలోమీటర్ల మేర 1999లో అభయారణ్యంగా ప్రకటించడం, 2002లో సరస్సుకు అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడినేలగా రామ్‌సార్ గుర్తింపు రావడం, 2005-06లో ఆ హద్దులోని చెరువు గట్లను కొట్టివేయడం జరిగాయి. గట్టు తెగిన ప్రతిచోటా తిరిగి వాలు ఏర్పడే అవకాశం పుట్టింది. మళ్లీ గట్టు వేసిన చోట అది పోయింది. గుర్రపుడెక్క దట్టంగా కమ్మిన చోటా అంతే, ముక్కు దించడానికి నీరు కనబడదు. చేపల మీదే బతికే లంక గ్రామాల కుటుంబాల జీవనాన్ని పక్కన పెట్టి ఈ విషయం మాట్లాడడం న్యాయం కాదు, అయినా చెరువులోని నీరూ సరస్సులోని నీరూ పక్షికి ఒకటేనన్న వాదన మాత్రం సరైనది కాదు.

చెరువు పట్టుబడి రోజున ఆ తేడా స్పష్టంగా కనిపిస్తుంది. నీరు తోడేసి, వలలు లాగి, లారీలు వెళ్లిపోయాక అడుగున మిగిలే జానెడు నీటిలోకి అంతవరకు గట్టు మీద కూర్చున్న కొంగలు, కంకణాలు గుంపులుగా దిగుతాయి, జెల్లపిల్లలు, నత్తలు అయిపోయేదాకా కదలవు. సరస్సులో అదే పని ఫాల్గుణ చైత్రాలలో నీరు దానంతటది తీసేటప్పుడు జరుగుతుంది. కైకలూరు దగ్గరి ఆటపాక మీదుగా సాయంత్రం గుంపులు గూళ్లకు చేరే ఆ వారాలలోనే, ఉత్తరానికి వేల కిలోమీటర్లు ఎగరవలసిన నల్లతోక గాడ్విట్‌లు ఆరుతున్న బురదలో పొడవాటి ముక్కును కళ్లదాకా దించి, ప్రయాణానికి కావలసిన కొవ్వును ఒంటికి పట్టించుకొంటాయి.