జవాబు చెప్పని పిల్లగాడు

మొన్న మా పాప స్కూల్ యాన్యువల్ డేలో సుద్దాల హనుమంతు ‘పల్లెటూరి పిల్లగాడా’ పాటకు పిల్లలతో డాన్స్ చేయించారు. భుజాన కొత్త గొంగడి, చేతిలో రంగు కాగితం చుట్టిన కర్ర, బుగ్గన చుక్క. అందరం ఫోన్లెత్తి వీడియోలు తీసుకున్నాం. మా నాన్న మాత్రం చప్పట్లు కొట్టలేదు. పటాన్‌చెరుకు ఫ్యాక్టరీ పనికి రాకముందు, ఎనిమిదేళ్లప్పుడు, ఆయన ఓ పటేల్ దగ్గర జీతమున్నాడు. ఇంటికొచ్చాక “గా పోరడు నవ్వుడేంది?” అన్నాడు. అంతే.

ఆ రాత్రి పాటను మళ్లీ మళ్లీ విన్నాను. పిల్లల కోసం రాసే చారిత్రక కథల్లో సంగీతం సాధారణంగా కష్టానికి మందు. పేద పిల్లాడికి ఒక వేణువు దొరుకుతుంది, ఎవరో పెద్దాయన వింటాడు, దశ తిరుగుతుంది. హనుమంతు పాటలో పిల్లాడు అసలు పాడనే పాడడు. పాడేవాడు వేరే ఎవరో. వాడు అడుగుతూ పోతాడు. పాలు మరిచింది ఎప్పుడు, కొలువులో కుదిరింది ఎప్పుడు అని రెండూ పక్కపక్కనే అడుగుతాడు. ఆ రెంటి మధ్య ఉండాల్సిన బాల్యం లేదని విడిగా చెప్పడు. తర్వాత జీతం లెక్క: నెలకు కుంచెడు గింజలు, అందులో తాలు, కొలిస్తే ఇంకా తక్కువ. నెలనెలా పే స్లిప్ చూసుకునేవాడిని కదా, నాకు ఎక్కువ గుచ్చుకున్నది ఈ లెక్కే.

ఇది 1940ల పాట. మా నాన్న జీతమున్నది 1968లో. వెట్టిచాకిరీ నిషేధ చట్టం వచ్చింది 1976లో. కాబట్టి ‘చారిత్రకం’ అనే మాట నేను కొంచెం జాగ్రత్తగానే వాడుతున్నాను.

గౌతమ్ ఘోష్ ‘మా భూమి’ (1979)లో ఈ పాట వాడుకున్నారు. మన పాత మెదక్ జిల్లా మంగళపర్తిలో తీసిన సినిమా, నలుపు తెలుపుల్లో. గొప్ప సినిమానే. కానీ అందులో రామయ్య పెద్దవాడవుతాడు, హైదరాబాద్ పోతాడు, మక్బూల్ లాంటి మనిషి దొరుకుతాడు. మనకు ఊపిరాడుతుంది. పాటలోని పిల్లాడికి ఆ దారి లేదు. పాట అయిపోయాక కూడా వాడు ఆ పసుల దగ్గరే ఉంటాడు. అందుకే నాకు సినిమా కంటే పాటే పెద్దదనిపిస్తుంది.

ఒక్క అసంతృప్తి మాత్రం ఉంది. ఇన్ని ప్రశ్నలు వేసి, పిల్లాడితో ఒక్క జవాబైనా చెప్పించలేదు. వాడికి పేరు లేదు, కొంటెతనం లేదు. జాలిపడేవాళ్లకు ఇది సరిపోతుంది. పదేళ్ల పిల్ల వాడితో స్నేహం చెయ్యాలంటే సరిపోదు.

ఆదివారం నాన్నను కూర్చోబెట్టి ఆ ప్రశ్నలే వరసగా అడిగాను. నెల జీతం గురించి అడిగితే, “మా దిక్కు నెలకు గాదు, ఏడాదికి లెక్క” అని దిద్దాడు. పాల దగ్గరికి వచ్చేసరికి నవ్వాడు. “ఎవడు మరిచిండు? బర్రె పొదుగు కింద కూసొని సీదా నోట్లెకే పిండుకునేటోళ్లం. దొరికితే వీపు పగిలేది.”

“మరి పాటలు?”

“పాటలు యాడియి, కూతలు. పసులను మలిపేటియి.”

పాప ఒక్కసారి కూయమంది. నాలుగో అంతస్తు ఫ్లాట్, కిటికీలు తెరిచే ఉన్నాయి. ఆయన గొంతు సవరించుకుని, రెండు చేతులు నోటికి అడ్డం పెట్టుకుని కూశాడు. కింద వాచ్‌మన్ బయటికొచ్చి పైకి చూశాడు. పాప ఇంకోసారి అంది.