‘మల్లీశ్వరి’లో దృశ్యరంగం: సత్రం నుంచి రాణివాసం వరకు

బి.ఎన్.రెడ్డి (1908–1977) దర్శకత్వంలో వచ్చిన ‘మల్లీశ్వరి’ (1951)పై సాగిన చర్చలో దేవులపల్లి కృష్ణశాస్త్రి రచనకు, సాలూరు రాజేశ్వరరావు సంగీతానికి దక్కినంత స్థానం కళాదర్శకుడు ఎ.కె.శేఖర్ నిర్మించిన రంగాలకు దక్కలేదు. వాటిని ‘వైభవం’ అన్న ఒక్క మాటతో సరిపెట్టడం పరిపాటి. ఆ రంగాలు కథకు అలంకారాలు కావనీ, కథలోని అధికార సంబంధాలను పలికించే భాష అనీ ప్రతిపాదించడం ఈ వ్యాస ఉద్దేశం.

పులివెందుల ప్రాంతపు కొత్తపల్లిలో జన్మించిన బి.ఎన్.రెడ్డికి విజయనగరం పరాయి చరిత్ర కాదు. జమ్మలమడుగు సమీపంలోని గండికోటలో మాధవరాయ ఆలయం ఆ శిల్పరీతికి నేటికీ సాక్ష్యం. ప్రొద్దుటూరుతో గాఢానుబంధం గల పుట్టపర్తి నారాయణాచార్యులు ‘పెనుగొండలక్ష్మి’లో గతించిన ఆ వైభవాన్ని తలచి విలపించారు. ఇంతమాత్రం చేత గండికోటే చిత్రానికి నమూనా అనడం సాహసమే అవుతుంది. గమనించదగినది దృక్పథంలోని భేదం. కావ్యం శిథిలాల ఎదుట నిలిచింది. చిత్రం ఆ మందిరాలను మళ్ళీ నిలబెట్టి, వాటిలో బతికిన మనుషులు చెల్లించిన మూల్యమెంతో అడిగింది.

చిత్రంలో రెండు స్థలాలు పరస్పర విరుద్ధాలు. వర్షానికి తలదాచుకునే సత్రంలో పల్లెటూరి బావామరదళ్ళు, మారువేషంలోని రాయలు, పెద్దన ఒకే కప్పు కింద చేరతారు. అక్కడ అంతస్తుల ఎరుక లేదు కనుకనే నాగరాజు పల్లకి మాటను పరిహాసంగా అనగలుగుతాడు. రాణివాసంలో ఆ పరిహాసమే శాసనమై మల్లిని బంధిస్తుంది. నాగరాజు శిల్పి కావడం ఈ వైరుధ్యాన్ని మరింత తీవ్రం చేస్తుంది. రాజమందిరానికి అతని ఉలి కావాలి. ఆ ఉలి పట్టిన మనిషి మాత్రం హద్దు దాటితే మరణార్హుడు.

కళాదర్శకత్వం నుంచి దర్శకత్వానికి వచ్చిన జర్మన్ కళాకారుడు పాల్ లెని (1885–1929) తన ‘వాక్స్‌వర్క్స్’ (1924)లో వంకర గోడల ద్వారా, వికృతాకారాల ద్వారా భయాన్ని దృశ్యంగా మలిచాడు. ‘మల్లీశ్వరి’లో వికృతి ఎక్కడా లేదు. స్తంభాలు నిటారుగానే ఉన్నాయి, మందిరాలు మనోహరంగానే ఉన్నాయి. ఆ సౌందర్యమే చెర కావడం బి.ఎన్., శేఖర్‌ల సమష్టి సాధన.

చివరకు రాయల క్షమతో ప్రేమికులు బయటపడతారు. అయితే క్షమ ఇద్దరినే విడిపిస్తుంది, రాణివాసాన్ని రద్దు చేయదు. చిత్రపు పరిమితీ అదే, దాని నిజాయితీ కూడా అదే. ‘మల్లీశ్వరి’ని రాయల యుగస్తుతిగా మాత్రమే చదివితే ఈ అంతర్విమర్శ మరుగున పడిపోతుంది.