లోర్కా ‘బెర్నార్దా ఆల్బా ఇల్లు’ నాటకం: సంతాపాచారం – గృహజీవనం

వ్యాససంగ్రహం:
స్పానిష్ కవి, నాటకకర్త ఫెదెరికో గార్సియా లోర్కా 1936లో రచించిన ‘బెర్నార్దా ఆల్బా ఇల్లు’ నాటకాన్ని నియంతృత్వానికి ప్రతీకగా వ్యాఖ్యానించడం పరిపాటి. ఆ దృష్టిలో నాటకంలోని ఆచారాలు నేపథ్యంగా మిగిలిపోతాయి. సంతాపం, పెళ్ళిసారె కుట్టుపని, కిటికీ దగ్గరి మాటలు, ఇరుగుపొరుగు నోరు – ఈ నాలుగూ కథను నడిపే శక్తులని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: లోర్కా, ఆందలూసియా, సంతాపాచారం, కుటుంబగౌరవం, స్త్రీజీవితం, నాటకవిమర్శ.

1. ఉపోద్ఘాతం:
లోర్కా (1898–1936) గ్రనాడా సమీపంలోని ఫ్వెంతె వాకెరోస్‌లో జన్మించాడు. ఈ నాటకాన్ని 1936 జూన్‌లో పూర్తిచేశాడు. జూలైలో సైనిక తిరుగుబాటు మొదలైంది. ఆగస్టులో తిరుగుబాటు పక్షం వారు ఆయనను కాల్చిచంపారు. నాటకం మొదటిసారి 1945లో బ్యూనస్ ఎయిరీస్‌లో ప్రదర్శితమైంది. ఈ చరిత్ర కారణంగా బెర్నార్దాలో రాబోయే నియంతను చూడటం సహజమే. అయితే రచన ముగిసేనాటికి ఆ నియంతృత్వం ఇంకా రాలేదు. లోర్కా ఇచ్చిన ఉపశీర్షిక స్పెయిన్ పల్లెల స్త్రీలను గురించి చెబుతుంది. మూడు అంకాలనూ ఛాయాచిత్రాల వంటి దస్తావేజుగా భావించాలని ఆయన నాటకం మొదట్లోనే సూచించాడు. విమర్శ ఆ సూచన నుండి మొదలుకావాలి.

2. ‘లూతో’: మైల కాదు, వైధవ్యం కాదు:
రెండవ భర్త అంత్యక్రియలు ముగిసిన రోజున నాటకం ఆరంభమవుతుంది. ఎనిమిదేళ్ళ సంతాపం పాటించాలని, వీధిగాలి ఇంట్లోకి రాకూడదని బెర్నార్దా తన అయిదుగురు కూతుళ్ళను ఆజ్ఞాపిస్తుంది. తన తండ్రి ఇంట్లో, తాత ఇంట్లో ఇదే జరిగిందన్నదే ఆమె చూపే ప్రమాణం. ఈ సంతాపాచారాన్ని స్పానిష్‌లో ‘లూతో’ అంటారు.

తెలుగు పాఠకులు దీనిని మైలగానో వైధవ్యంగానో పొరబడే అవకాశం ఉంది. మైల అశౌచానికి సంబంధించినది, దినాల లెక్కతో తీరిపోయేది. లూతోలో అశౌచభావన లేదు. చనిపోయినవారి పట్ల, ఇంటి గౌరవం పట్ల లోకానికి చూపవలసిన మర్యాద అది. ఇక బెర్నార్దా స్వయంగా రెండుసార్లు పెళ్ళాడిన స్త్రీ. పునర్వివాహం అక్కడ సమస్య కాదు. భర్తపోయిన స్త్రీని మాత్రమే కాక, పెళ్ళికావలసిన కూతుళ్ళందరినీ ఈ ఆచారం కట్టిపడేస్తుంది. పెద్దదైన ఆంగూస్తియాస్‌కు 39 ఏళ్ళు, చిన్నదైన అదేలాకు 20. ఎనిమిదేళ్ళంటే వీరికి ఏమిటో ప్రేక్షకులే లెక్కవేసుకుంటారు. ఎరుపు, ఆకుపచ్చ పూల విసనకర్రను బెర్నార్దా నేలకు విసిరికొట్టి నల్లది అడగటం, అదేలా ఆకుపచ్చ గౌను తొడుక్కుని పెరట్లోని కోళ్ళకు చూపించుకోవడం ఈ లెక్కలో భాగాలే. చూసేవారు కోళ్ళు తప్ప లేరన్నదే అక్కడి విషాదం.

3. సారె, ఆస్తి, వర్గం:
సంతాపకాలంలో సారె బట్టల మీద కుట్టుపని చేసుకొమ్మని తల్లి కూతుళ్ళకు చెబుతుంది. పెళ్ళికి దారి మూసి, పెళ్ళికి సిద్ధం కమ్మనడం ఇది. తనకు పెళ్ళి కాదని మాగ్దలేనాకు తెలుసు. కుట్టుపని కన్నా మిల్లుకు బస్తాలు మోయడమే మేలంటుంది. సూది ఆడవాళ్ళకు, కొరడా మగవాళ్ళకు అన్న విభజన తల్లి నోట సహజన్యాయంగా వెలువడుతుంది.

అయినా ఒక పెళ్ళి కుదురుతుంది. మొదటి భర్త కూతురు కనుక ఆంగూస్తియాస్‌కు తండ్రి ఆస్తి వచ్చింది. 25 ఏళ్ళ పేపె ఎల్ రొమానో ఆమెను కోరుకోవడానికి కారణం అదేనని ఇంట్లో అందరికీ తెలుసు. మరోవైపు మార్తీరియోను చూడవచ్చిన యువకుణ్ణి, అతని తండ్రి పాలేరు అన్న కారణంగా, బెర్నార్దా రానివ్వలేదు. ఆచారం ముందు అందరూ సమానులు కారు. ఆస్తి ఉన్నచోట లూతో సైతం సడలుతుంది. ఈ సంగతిని బాగా గ్రహించిన పాత్ర ముప్పయ్యేళ్ళుగా ఆ ఇంట పనిచేస్తున్న లా పోన్సియా. బెర్నార్దా కోసం ఊరి రహస్యాలు మోసుకొచ్చేదీ, ఆమెను లోలోపల ద్వేషించేదీ ఆమే. నియంతృత్వ ప్రతీకగా చదివినపుడు ఈ వర్గవాస్తవం మరుగునపడుతుంది.

4. కిటికీ, ఊరినోరు:
ఆందలూసియా పల్లెల్లో పెళ్ళి నిశ్చయమైన జంట ఇనుప ఊచల కిటికీకి అటూ ఇటూ నిలిచి రాత్రివేళ మాట్లాడుకోవడం ఆనాటి ఆచారం. ఆ కిటికీ పేరు ‘రేహా’. అది స్త్రీని ఇంట్లో ఉంచుతుంది, పురుషుణ్ణి దగ్గరకు రానిస్తుంది. పేపె వెళ్ళిపోయాడని ఆంగూస్తియాస్ చెప్పే వేళకూ, పోన్సియా విన్న వేళకూ తేడా బయటపడినపుడు కథ మలుపు తిరుగుతుంది. అతడు ఆ తరువాత అదేలాను కలుస్తున్నాడు. అనుమతించిన కిటికీ వల్లనే అనుమతిలేని కలయికకు దారి ఏర్పడింది.

ఈ కట్టుబాట్లన్నింటి వెనుక ‘ఎల్ కె దిరాన్’ ఉంది. జనం ఏమంటారో అన్న భయమని దీని అర్థం. ‘నలుగురూ ఏమనుకుంటారో’ అన్న మన మాటకు ఇది చాలా దగ్గర. నదిలేని, బావుల ఊరని ఆ ఊరిని బెర్నార్దా శపిస్తుంది. కానీ ఆ ఊరి నోటికి భయపడే బతుకుతుంది. కూతుళ్ళ మనసుల్లో ఏముందో తనకు పట్టదనీ, పైకి కనిపించే గోడ బాగుంటే చాలనీ ఆమె ధోరణి. రెండవ అంకం చివర, పెళ్ళికాకుండా బిడ్డను కని, సిగ్గు కప్పుకోవడానికి ఆ బిడ్డను చంపిన యువతిని ఊరు వీధిలో ఈడుస్తుంది. ఆమెను చంపమని బెర్నార్దా, మార్తీరియో కేకలు వేస్తుంటే అదేలా తన పొట్ట పట్టుకుని వద్దని వేడుకొంటుంది. శిక్షించేది ఒక్క బెర్నార్దా కాదు, ఊరంతా అని ఇక్కడ రుజువవుతుంది.

5. చట్టం – ఆచారం:
1931 నాటి రిపబ్లిక్ రాజ్యాంగం స్పెయిన్ స్త్రీలకు ఓటుహక్కునిచ్చింది. 1932లో విడాకుల చట్టం వచ్చింది. అదే సంవత్సరం నుండి లోర్కా ‘లా బార్రాకా’ విద్యార్థి నాటకబృందంతో పల్లెలు తిరిగాడు. ఆ సంస్కరణలను దగ్గరగా చూసిన రచయిత నాటకంలో వాటి ఊసే లేదు. చట్టం మారినా ఇంటి తలుపు లోపల పాలించేది తాత కాలపు ఆనవాయితీ అన్న సూచనగా ఈ మౌనాన్ని గ్రహించవచ్చు. ప్రభుత్వం మారితే నియంత పోవచ్చు; ‘నలుగురూ’ పోరు. ప్రతీకాత్మక పఠనం విస్మరిస్తున్న అంశం ఇదే.

అంతమాత్రాన ప్రతీకలు లేవనడం పొరపాటు. తెల్లగోడలు, గోడను తన్నే మగగుర్రం అచ్చమైన దస్తావేజు కావు. బెర్నార్దా చేతికర్రను అదేలా విరిచివేయడంలో అధికారధిక్కారం ఉంది. అయితే ఆ కర్ర విరిగినా ఆచారం విరగలేదు.

6. ముగింపు:
పేపె చనిపోయాడని నమ్మిన అదేలా ఉరివేసుకుంటుంది. నిజానికి అతడు గుర్రమెక్కి పారిపోయాడు. కూతురు కన్యగానే మరణించిందని బెర్నార్దా ప్రకటిస్తుంది, ఏడవవద్దని శాసిస్తుంది. రంగస్థలంపై ఆమె మొదటి మాటా చివరి మాటా మౌనం పాటించమన్న ఆజ్ఞే. చావుగంటలతో మొదలైన నాటకం మళ్ళీ గంటలు మోగించమన్న ఆదేశంతో ముగియడాన్ని బట్టి మరో లూతో ఆరంభమైందని చెప్పవచ్చు. బెర్నార్దాను నియంతగా చూస్తే తీర్పు ఒక వ్యక్తి మీద పడి ఆగిపోతుంది. ఆచారాన్ని కేంద్రంగా తీసుకుంటే ఆమె నేరం తగ్గదు, కానీ ఊరు కూడా విచారణకు నిలబడుతుంది. తులనాత్మక అధ్యయనంలో ఈ నాటకాన్ని బోధించేవారు లూతోను మైలతోనో వైధవ్యంతోనో సమీకరించకుండా, దాని స్థానికార్థాన్ని ముందుగా వివరించడం అవసరం. పోలిక దాని తరువాతి పని.