తిరుగు దారికి దాచిన పెట్రోలు

ఉత్తర అమెరికాలో వాల్‌ఐ చేపల పోటీ ముగిసే వేళకు జనమంతా తూకం వేదిక చుట్టూ మూగుతారు. అయిదు చేపలు, వాటి మొత్తం బరువు, బహుమతి అందుకునే చేతులు. పత్రికల్లో వచ్చేవి ఆ ఫోటోలే. కానీ ఆ చేపలను నలభై యాభై మైళ్ల అవతల వెతికి పట్టి, చెప్పిన నిమిషానికి రేవు చేర్చడం వెనుక వేరే పనితనం ఉంది. ఎంత పెట్రోలుతో బయలుదేరాలి, ఏ వేగంతో వెళ్లాలి, ఎన్ని గంటలకు వెనక్కి తిరగాలి అన్న లెక్క అది. ఈ పోటీల్లో నాకు చేప పట్టే విద్య కంటే ఈ లెక్క కట్టే విద్యే గొప్పగా తోస్తుంది.

ముందుగా చేప సంగతి. వాల్‌ఐ మంచినీటి చేప. అమెరికా ఉత్తర రాష్ట్రాల్లో, కెనడాలో దీన్ని తినేవాళ్లూ ఎక్కువే, సరదాకి పట్టేవాళ్లూ ఎక్కువే. మిన్నెసోటా 1965లో దీన్ని తన రాష్ట్ర చేపగా ప్రకటించింది. కంట్లో వెలుతురును తిప్పికొట్టే పొర ఉండటం వల్ల మసక వెలుతురులో బాగా చూస్తుంది. అందుకే తెల్లవారుజామున, మునిమాపున, గాలికి నీళ్లు కదులుతున్నప్పుడు ఎరను గట్టిగా పట్టుకుంటుంది. నేషనల్ వాల్‌ఐ టూర్ వంటి పోటీల్లో పడవలు పొద్దున్నే జట్లుగా బయలుదేరతాయి. ఒక్కో జట్టుకు తిరిగి వచ్చే వేళ ముందే నిర్ణయిస్తారు. ఆలస్యానికి తగ్గట్టు బరువు కోసేస్తారు, మరీ ఆలస్యమైతే ఆ రోజు పట్టిన చేపలేవీ లెక్కకు రావు. బతుకంతా నేర్చుకున్న గాలం విద్య పది నిమిషాల ఆలస్యానికి బూడిదలో పోసిన పన్నీరైపోవచ్చు.

అంత దూరం ఎందుకు వెళ్లాలంటే ఈరీ సరస్సును చూడాలి. ఈ పోటీలకు అది పేరున్న చోటు. పొడవు 241 మైళ్లు, అంటే 388 కిలోమీటర్లు. పడమటి కొస చాలా లోతు తక్కువ, సగటున 24 అడుగులే. మార్చి, ఏప్రిల్ నెలల్లో వాల్‌ఐ చేపలు ఆ కొసన ఉన్న రాతి దిబ్బల మీద, మామీ, శాండస్కీ నదుల్లో గుడ్లు పెడతాయి. ఆ తర్వాత నీళ్లు వేడెక్కే కొద్దీ చల్లని లోతులను వెతుక్కుంటూ తూర్పుకు కదులుతాయి. వాటిలో ఎక్కువ దూరం పోయేవి వయసు మీరిన పెద్ద చేపలు, ముఖ్యంగా ఆడవి. పోటీని గెలిపించే బరువు వాటిలోనే ఉంటుంది. పడమటి రేవు నుంచి వేసవిలో పోటీ మొదలైతే పెద్ద చేప కోసం తూర్పుకు పరుగు తీయక తప్పదు.

చిక్కు అంతా ఇక్కడే ఉంది. ఈరీ మీద గాలి ఎక్కువ రోజులు పడమర నుంచి, నైరుతి నుంచి వీస్తుంది. పొద్దున గాలి మెత్తగా ఉండగా పడవ గాలివాటాన తూర్పుకు హాయిగా సాగిపోతుంది. మధ్యాహ్నానికి గాలి పుంజుకుంటుంది. తిరిగి రావలసిన దారి నేరుగా ఆ గాలికి ఎదురు. సరస్సు లోతు తక్కువ కాబట్టి ఇక్కడి అల పొడుగ్గా సాగదు. నిటారుగా లేచి, ఒకదాని వెంట ఒకటి దగ్గరదగ్గరగా విరుచుకుపడుతుంది. వెళ్లేటప్పుడు ఒక గ్యాలనుకు వచ్చిన మైళ్లు వచ్చేటప్పుడు రావు. అందుకే వెళ్లిన దారిని రెండింతలు చేస్తే సరిపోతుందనుకునేవాడి లెక్క తప్పుతుంది. చేపకు ఆకలి పుట్టించే గాలే పడవకు భారమవుతుంది. ఆ గాలి రేవుకు ఏ దిక్కు నుంచి, ఏ గంటకు పెరుగుతుందో తెలియడం ఈ పనిలో మొదటి పాఠం. అందుకే అమెరికా జాతీయ వాతావరణ సంస్థ అలల సూచననూ, సరస్సు పడమటి వైపున తేలుతుండే 45005 నంబరు బోయా పంపే కొలతలనూ పోటీదారులు ముందు రాత్రి నుంచే చూస్తుంటారు.

ఇక పడవ. ఈ పోటీల్లో వాడేవి దాదాపు 21 అడుగుల పొడవున్న, అడుగు భాగం V ఆకారంలో పదునుగా ఉన్న పడవలు. వెనుక 250 నుంచి 400 హార్స్‌పవర్ ఇంజను, పక్కన ఎరలను మెల్లగా లాగడానికి కిక్కర్ అనే 9.9 హార్స్‌పవర్ చిన్న ఇంజను ఉంటాయి. ట్యాంకు సుమారు 50 గ్యాలన్లు పడుతుంది, అంటే 189 లీటర్లు. 300 హార్స్‌పవర్ ఇంజను థ్రాటిల్ పూర్తిగా తెరిస్తే గంటకు పాతిక గ్యాలన్లకు పైనే తాగుతుంది. అదే పడవ నీటి మీదికి లేచి నిలకడగా సాగే మధ్య వేగంలో గ్యాలనుకు మూడు మైళ్లు సులువుగా ఇస్తుంది.

ఇప్పుడు ఒక రోజు లెక్కను దగ్గర నుంచి చూద్దాం. అంకెలు గుండ్రంగా వేసినవే అయినా ఈ తరగతి పడవలకు దగ్గరగా ఉంటాయి. పోటీ ఒహైయోలోని హ్యూరాన్ రేవు నుంచి, సమయం ఎనిమిది గంటలు. పెద్ద చేపలు తూర్పున 60 మైళ్ల దూరంలో, క్లీవ్‌లాండ్ దాటిన చోట ఉన్నాయి. గంటకు 35 మైళ్ల వేగంతో, గ్యాలనుకు 3 మైళ్ల చొప్పున వెళ్లడానికి 20 గ్యాలన్లు, గంటా 43 నిమిషాలు పడుతుంది. సరస్సు ప్రశాంతంగా ఉంటే తిరుగు దారికి మరో 20 గ్యాలన్లు, ఇంకా 10 మిగులు. కానీ మధ్యాహ్నం ఎదురుగాలి లేస్తే వేగం గంటకు 20 మైళ్లకు, గ్యాలనుకు 2 మైళ్లకు పడిపోతుంది. తిరుగు దారికి 30 గ్యాలన్లు, మూడు గంటలు కావాలి. వెళ్లే 20, వచ్చే 30 కలిపి 50. ట్యాంకు ఖాళీ. ఎరలు లాగుతూ కిక్కర్ తాగిన రెండు మూడు గ్యాలన్లు ఇంకా లెక్కలోకే రాలేదు. ఇంత చేసీ చేపలు పట్టడానికి చేతికి చిక్కేది మూడు గంటల పదిహేడు నిమిషాలే.

అదే రోజు ఒక పోటీదారు 60 మైళ్లు కాక 45 మైళ్ల దగ్గర, క్లీవ్‌లాండ్‌కు ఎదురుగా ఆగాడనుకుందాం. వెళ్లడానికి 15 గ్యాలన్లు, ఎదురుగాలిలో రావడానికి 22.5, కిక్కర్‌కు 2. ట్యాంకులో 10 గ్యాలన్లకు పైగా మిగిలి ఉంటుంది. గాలం వేసే సమయం నాలుగు గంటల ఇరవై ఎనిమిది నిమిషాలు. పదిహేను మైళ్లు వదులుకుంటే గంటా పదకొండు నిమిషాల వేట, తిరిగి వస్తానన్న భరోసా చేతికి వచ్చాయి. ఆ గంటలో 60 మైళ్ల దగ్గర ఉన్న చేపలంత బరువైనవి దొరుకుతాయా అన్నదే అసలు బేరం. ఆరితేరినవాడు ముందుగా రేవు చేరాల్సిన వేళ రాసుకుని అక్కణ్ణుంచి వెనక్కి నడుస్తాడు. వచ్చే దారి ఖర్చు, ఆ పైన మిగులు, ఆ తర్వాతే వెళ్లే దూరం. చేప ఎక్కడుందో చివరికి చూస్తాడు.

పడవ నడిపేవాళ్లకు చెప్పే పాత సూత్రం ఒకటుంది: పెట్రోలులో ఒక వంతు వెళ్లడానికి, ఒక వంతు రావడానికి, మూడో వంతు ముట్టుకోకుండా ఉంచడానికి. పైన చెప్పిన 45 మైళ్ల ప్రయాణానికి ఆ మూడో వంతే ఊపిరి పోసింది. ఎదురుగాలి అదనంగా తాగిన ఏడున్నర గ్యాలన్లు అందులోంచి వచ్చాయి.

ఈ అంకెలన్నీ ఎక్కడి నుంచి వస్తాయి? ట్యాంకులో తేలే బిళ్లతో నడిచే గేజీ మీద ఆధారపడితే అది కాకిలెక్కే. పడవ ముక్కు లేస్తే పెట్రోలు వెనక్కి జారుతుంది, సూది అబద్ధం చెబుతుంది. మంచి పోటీదారు ఇంజను కంప్యూటరు చూపే ఖర్చునే నమ్ముతాడు, దాన్ని కూడా పరీక్షించిన తర్వాతే. ట్యాంకు నింపినప్పుడల్లా పంపు మీది అంకెను కంప్యూటరు చూపిన మొత్తంతో సరిచూసి, తేడాను సరిదిద్దుకుంటాడు. ఆ తర్వాత సరస్సు మీద ఒక పట్టిక తయారు చేస్తాడు. ఇంజను నిమిషానికి తిరిగే చుట్లను 3000 నుంచి అయిదువందల చొప్పున పెంచుకుంటూ, ప్రతి మెట్టు దగ్గరా వేగం, గంటకు ఖర్చు రాసుకుని గ్యాలనుకు ఎన్ని మైళ్లో తేలుస్తాడు. ఒక్కో మెట్టునూ రెండు దిక్కులా నడుపుతాడు, గాలి ప్రభావం రద్దు కావాలి కనుక. అదే పట్టిక నిండు బరువుతో ఒకటి, ఎగుడుదిగుడు నీళ్లలో ఒకటి. ఇలా రాసుకున్నవాడికి అలలు లేచినప్పుడు ఊహించాల్సిన పని ఉండదు.

బరువుదీ ఒక పెద్ద కథ. 50 గ్యాలన్ల పెట్రోలు దాదాపు 138 కిలోలు. చేపలను బతికించే లైవ్‌వెల్ తొట్టిలో 30 గ్యాలన్ల నీళ్లు పోస్తే అవి మరో 113 కిలోలు. తెలిసినవాడు పొద్దున్నే ఆ తొట్టిని ఖాళీగా తీసుకెళ్లి, మొదటి చేప పడేముందు నింపుతాడు. బతికున్న చేపలనే తూచే పోటీల్లో తిరిగి వచ్చేటప్పుడు మాత్రం ఆ నీళ్లను పారబోయలేడు. వెళ్లేటప్పుడు కాలిన పెట్రోలు బరువు ఆ నీళ్ల బరువుకు సగం కూడా ఉండదు. అంటే పడవ వెళ్లిన దానికంటే బరువెక్కి, అదీ ఎదురుగాలిలో, ఇంటిదారి పడుతుంది. ఈ ఒక్క సంగతిని ముందుగా లెక్కలో వేసుకున్నవాడి పనితనానికి నేను చేతులెత్తి మొక్కుతాను.

ఈ విద్యలో చివరి భాగం చేతిలో ఉంది. ఎగుడుదిగుడు నీళ్లలో థ్రాటిల్ మీది చేయి ఊరుకోదు. అల ఎక్కేటప్పుడు కాస్త పెంచి, శిఖరం మీద తగ్గించి, పడవ ఎగిరి పడకుండా దించుతుంది. ముక్కు పదును అలను కోసేలా ట్రిమ్‌ను, అంటే ఇంజను వంపును, దించి ఉంచుతుంది. నీటి మీదికి లేచి సాగుతున్న పడవ వేగం తగ్గి మళ్లీ నీళ్లలో కూరుకుపోతే పెట్రోలు ఖర్చు ఒక్కసారిగా పెరుగుతుంది, కాబట్టి ఆ అంచు దగ్గరే నిలపడం నేర్పు. దక్షిణపు గాలి వీచే రోజు ఒహైయో ఒడ్డు వెంబడి వస్తే గాలి మరుగు దొరుకుతుంది. దారి కొన్ని మైళ్లు పెరిగినా పెట్రోలు, సమయం, నడుము మూడూ మిగులుతాయి. ఉత్తరపు గాలి వీస్తే ఆ ఒడ్డు దగ్గర మరుగే లేదు. ఏ గాలికి ఏ దారి అన్నది రేవు దాటకముందే కాగితం మీద ఉండాలి. ఇలాంటి అలల్లో నడిపేవాడు నీళ్లలో పడిపోతే ఇంజను ఆగేలా ఒంటికి తగిలించుకునే తాడును అమెరికా చట్టం 26 అడుగులలోపు పడవలకు 2021 ఏప్రిల్ నుంచి తప్పనిసరి చేసింది. లెక్క తెలిసినవాళ్లు ఆ చట్టం రాకముందు నుంచీ తగిలించుకునేవాళ్లే.

దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలన్న మాటకు ఇంతకంటే నేరుగా ఉదాహరణ నాకు తెలియదు. సాహసం చేసి 60 మైళ్లు పోయినవాడి కథ బాగుంటుంది, విన్నవాళ్లు చప్పట్లు కొడతారు. కానీ ఏడాది పొడవునా పోటీల్లో నిలబడేది 45 మైళ్ల దగ్గర ఆగి, అక్కడున్న చేపను ఓపికగా వెతికి, ట్యాంకులో పది గ్యాలన్లతో వేళకు రేవు చేరినవాడు. ఒహైయోలో, మిషిగన్‌లో ఉంటున్న తెలుగువాళ్లకు ఈ పోటీలు ఇంటి దగ్గరి విషయమే. వేసవిలో ఒక తూకం చూడటానికి వెళ్లండి, పిల్లల్ని తీసుకెళ్లండి. గెలిచినవాణ్ణి చేప బరువు అందరూ అడుగుతారు. మీరు ట్యాంకులో ఎంత మిగిలిందో అడగండి. అతను ఎంత మంచి పనివాడో ఆ జవాబులోనే తెలిసిపోతుంది.