అప్పగించీ వదలని చెయ్యి

హెలికాప్టర్ నేర్పేవాడికి అన్నిటికన్నా కష్టమైన పని ఊరుకోవడం. పక్కసీట్లో విద్యార్థి తప్పు చేస్తుంటే కాసేపు చెయ్యనివ్వాలి, లేకపోతే నేర్చుకోడు. ఎంతసేపు చెయ్యనివ్వాలన్న దగ్గరే ప్రాణాలు పోతున్నాయి.

చాలా దేశాల్లో తొలి పాఠాలు రాబిన్సన్ ఆర్22లోనే మొదలవుతాయి. రెండే సీట్లు, తేలికపాటి రోటర్. ఇంజిన్ ఆగితే ఎడమచేతి పక్కన లీవర్‌లా ఉండే కలెక్టివ్‌ను ఒకటి రెండు సెకన్లలోపే దించాలి. ఆలస్యమైతే రోటర్ వేగం పడిపోతుంది. ఒక హద్దు దాటి పడిపోయిందా, ఇక ఎంతటి పైలటైనా చేయగలిగింది లేదు. ఏం జరిగిందో కొత్త విద్యార్థికి అర్థమయ్యేలోపే ఆ గడువు తీరిపోతుంది. అందుకే ఇన్‌స్ట్రక్టర్ చెయ్యి ఒళ్ళో ఉండకూడదు. కలెక్టివ్‌ను పట్టీ పట్టనట్టు, విద్యార్థికి బరువు తెలియకుండా, దాని మీదే ఉండాలి.

శిక్షణ ప్రమాదాలపై అమెరికా దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ ఇచ్చే నివేదికలు చదవడం నాకు ఏళ్ళనాటి అలవాటు. ఇన్‌స్ట్రక్టర్ పర్యవేక్షణ చాలలేదని, దిద్దడంలో ఆలస్యం చేశాడని వాటిలో మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది. దాన్ని నిర్లక్ష్యం అనడానికి నాకు మనసొప్పదు. నా ఉద్దేశంలో మొద్దు విద్యార్థి కన్నా చురుకైనవాడి దగ్గరే ముప్పు ఎక్కువ. నాలుగు ల్యాండింగులు చక్కగా చేశాడంటే గురువుకు నమ్మకం కుదురుతుంది, చెయ్యి సడలుతుంది. అయిదోసారి, ఇంజిన్ శక్తి లేకుండా దిగే ఆటోరొటేషన్‌లో, నేల దగ్గరపడ్డాక, అతను తడబడతాడు.

వరుస ప్రమాదాల తర్వాత 1995లో అమెరికా ప్రత్యేక నిబంధన తెచ్చింది. ఆర్22లో ఒంటరిగా ఎగరడానికి (సోలోకు) ముందు ఇన్‌స్ట్రక్టర్‌తో 20 గంటలు ఎగరాలి. నేర్పేవాడికి హెలికాప్టర్లలో 200 గంటలు, వాటిలో ఆర్22 మీద 50 గంటలు ఉండాలి. మంచి నిబంధనే. కానీ 200 గంటలవాడు కూడా కుర్రవాడే. చాలామంది పెద్ద ఉద్యోగానికి కావలసిన గంటలు కూడబెట్టుకోవడానికే నేర్పుతుంటారు. విద్యార్థిని అతను చూస్తాడు సరే, అతన్ని ఎవరు చూస్తున్నారు?

మన హకీంపేటలో హెలికాప్టర్ శిక్షణ పాఠశాల నడిపే వైమానిక దళం, నేర్పడం నేర్పడానికి తాంబరంలో విడిగా ఒక బడి పెట్టుకుంది. ప్రైవేటు స్కూళ్ళు అంత చేయలేకపోవచ్చు. చీఫ్ ఇన్‌స్ట్రక్టర్ తరచూ కుర్ర ఇన్‌స్ట్రక్టర్ పక్కన కూర్చుని ఎగరడం మాత్రం ఏ స్కూలుకైనా సాధ్యమే. పిల్లల్ని పైలట్ శిక్షణకు పంపే తల్లిదండ్రులారా, ఫీజు కట్టేముందు ఒక్కమాట అడగండి: మా పిల్లాడికి నేర్పే ఇన్‌స్ట్రక్టర్‌తో మీ చీఫ్ చివరిసారి ఎప్పుడు ఎగిరారు?