సన్నబియ్యం పక్కన పల్లీల లెక్క

పిండిపదార్థం తగ్గించి కొవ్వు పెంచే ఆహారపద్ధతి గురించి తెలుగులో వెలువడిన సలహాలలో చాలా భాగం, తినేవారి చేతిలో డబ్బు ఆడుతున్నదనే నమ్మకం మీద నిలబడి ఉంటుంది. బియ్యం, గోధుమలు, జొన్నలు, దుంపలు, చక్కెర వంటివాటిలో ఉండి, అరిగిన తర్వాత గ్లూకోజుగా రక్తంలో చేరేదే పిండిపదార్థం. దానిని రోజుకు దాదాపు 50 గ్రాముల లోపుకు దించితే కాలేయం కొవ్వు నుంచి కీటోన్లు అనే ఇంధనాన్ని తయారుచేయడం మొదలుపెడుతుంది కనుక, అంత కఠినమైన పథ్యానికి కీటో అనే పేరు నిలిచింది. 1921లో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యుడు రస్సెల్ వైల్డర్ మూర్ఛరోగుల కోసం ప్రతిపాదించిన ఈ పథ్యం, సుమారు నూరేళ్ల తర్వాత, 2017–18 ప్రాంతంలో, విజయవాడకు చెందిన వీరమాచనేని రామకృష్ణ ప్రచారం వల్ల బరువు తగ్గాలనుకునేవారి వైపు, మధుమేహుల వైపు మళ్లి తెలుగు వంటిళ్లలో అడుగుపెట్టింది. రోజుకు 70 నుంచి 100 గ్రాముల కొవ్వు, మూడు నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్లు, విటమిన్ మాత్రలు అనే ఆ సూత్రాన్ని వైద్యులు ఎంతోమంది తప్పుపట్టారు, జనం కూడా అంతే గట్టిగా పట్టుకున్నారు. ఆ వాదం మంచిచెడ్డలు తేల్చడం ఇక్కడి ఉద్దేశం కాదు. ఆ 70 గ్రాముల కొవ్వు ఎవరి జేబులో నుంచి వస్తుందనేదే ఇక్కడి ప్రశ్న.

ఈ ప్రశ్న ఈ వారమే రావడానికి కారణం, నిజామాబాద్ బజారులో ఒక నూనెల దుకాణం ముందు కొత్తగా వేలాడుతున్న బోర్డు. అందులో కొబ్బరినూనె సీసా బొమ్మ వేసి, అది ‘షుగరోళ్ల నూనె’ అని రాశారు. నూటికి 90 పాళ్ల దాకా సంతృప్త కొవ్వు, అంటే చలికి గడ్డకట్టే రకపు కొవ్వు, ఉన్న ఆ నూనెను మధుమేహుల సొత్తుగా ప్రకటించే సాహసం ఎక్కడిదన్నది ఒక చికాకు. ఆర్మూర్, బాల్కొండ వైపు పసుపు తవ్విన చేలలో వేసవి పంటగా నువ్వులు పండే జిల్లాలో, కొబ్బరిచెట్టు నీడ కూడా సరిగా పడని ఊళ్లకు కొబ్బరినూనె మందుగా దిగుమతి కావడం అంతకంటే పెద్ద చికాకు. గానుగను గురించి ఈ శీర్షిక ఎన్నిసార్లు పల్లవి ఎత్తుకున్నదో పాత పాఠకులకు తెలుసు. ఈసారి కూడా అదే పాట వస్తుందని వారు అనుకుంటే అది వారి తప్పు కాదు.

అయితే గానుగ దగ్గరికి పోయే ముందు శక్కర్‌నగర్ మీదుగా వెళ్లక తప్పదు. ఈ ప్రాంతపు తిండి చరిత్ర అంతా ఒక ఆనకట్టతో, ఒక కార్ఖానాతో మలుపు తిరిగింది. గోదావరికి ఉపనది అయిన మంజీర మీద, అచ్చంపేట దగ్గర, ఇంజినీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ ఆధ్వర్యంలో 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్, రెండు లక్షల పైచిలుకు ఎకరాలకు కాలువనీళ్లు పారించే ఉద్దేశంతో కట్టినది. నీళ్లు వచ్చిన తర్వాత ఆ నీటికి తగిన పంట కావాలి కనుక చెరకు వచ్చింది. చెరకును ఆడించడానికి 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. అది ఒకప్పుడు ఆసియాలోకెల్లా పెద్దదని పేరు పొంది, తన చుట్టూ పుట్టిన కాలనీకి శక్కర్, అంటే దక్కనీలో చక్కెర, అనే మాటనే పేరుగా ఇచ్చింది. నీరు పారిన కొద్దీ మెట్టచేలు తరిగాయి. మెట్టచేలు తరగడమంటే జొన్నతోపాటు ఆ జొన్నచేలోనే సాళ్లుగా పెరిగే కుసుమలు, పక్క మడిలోని నువ్వులు, పల్లీలు కూడా వెనక్కి జరగడం. ముళ్ల కుసుమచెట్టును పశువులు ముట్టవు కాబట్టి దానిని చేను చుట్టూ కంచెలాగా కూడా వేసేవారు. రైతుకు చేను కాపలా, వంటింటికి నూనె ఒక్క విత్తుతోనే దొరికేవి. తీపి ఇచ్చే గడలు, పిండి ఇచ్చే వరి కాలువ పొడవునా పరుచుకున్న తర్వాత, కొవ్వు ఇచ్చే గింజ కాలువ ఎక్కని దిబ్బల మీద మిగిలింది.

కార్ఖానా కథ తర్వాత ఏమయిందో బోధన్‌లో చిన్నపిల్లలు కూడా చెప్పగలరు. 2002లో అది ప్రైవేటు భాగస్వామ్యంలోకి పోయింది, 2015 డిసెంబరులో లేఆఫ్ ప్రకటనతో మూతపడింది, తెరిపిస్తామనే హామీ ఎన్నికల నుంచి ఎన్నికలకు వాయిదా పడుతూ వస్తున్నది. ఆడించే గతి లేక చెరకు రైతు వరికి మళ్లాడు. ఒక చక్కెర కార్ఖానా మూతపడితే ఆ తాలూకాలో చక్కెర వ్యాధికి మందు బిళ్లల దుకాణాలు మాత్రం తగ్గకపోవడం చరిత్ర చేసిన వెటకారమే అయినా, కార్ఖానా వల్ల చక్కెర వ్యాధి వచ్చిందనడం లెక్క రాని మాట. ఇక్కడి కంచంలో గ్లూకోజు నిండింది చక్కెరతో కాదు, మూడు పూటల అన్నంతో.

ఆ అన్నం ఇప్పుడు ఉచితం. 2025 ఉగాది నాడు మొదలైన పథకం ప్రకారం తెలంగాణలో రేషన్‌కార్డు మీద మనిషికి నెలకు 6 కిలోల సన్నబియ్యం పైసా లేకుండా ఇస్తున్నారు. నెలకు 6 కిలోలంటే రోజుకు 200 గ్రాములు. అందులో సుమారు 155 గ్రాములు పిండిపదార్థమే, శక్తి లెక్కన దాదాపు 700 కేలరీలు. ఇంత బియ్యాన్ని వదులుకొని అదే శక్తిని కొవ్వు నుంచి రాబట్టాలంటే, గ్రాము కొవ్వుకు 9 కేలరీల చొప్పున 78 గ్రాములు కావాలి. విజయవాడ సూత్రం అడిగిన 70–100 గ్రాముల మధ్య ఇది సరిగ్గా ఇమిడిపోవడం కాకతాళీయమే కావచ్చు గాని, ఖర్చును అర్థం చేసుకోవడానికి ఇంతకంటే మంచి కొలబద్ద దొరకదు. రోజుకు 78 గ్రాముల చొప్పున నూనె కొంటే నెలకు మనిషికి రెండున్నర లీటర్లు, నలుగురి ఇంటికి పది లీటర్లు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాలు 2,000 కేలరీల కంచానికి రోజుకు 27 గ్రాముల నూనెను, 35 గ్రాముల గింజలను మాత్రమే సూచించాయి. అంటే ఉచితంగా వచ్చినదానిని పక్కనపెట్టి, పైకం పోసి, సిఫారసుకు దాదాపు మూడింతల నూనెను తాగడమన్నమాట.

ఇక్కడే గానుగ మీద పాత అభిమానం అడ్డం తిరుగుతుంది. కట్టె గానుగలో లీటరు పల్లినూనె దిగడానికి ఇంచుమించు రెండున్నర కిలోల పల్లిగింజలు పడతాయి. గింజలో సగం బరువు కొవ్వే కనుక ఆ రెండున్నర కిలోలలో 1,200 గ్రాముల కొవ్వు ఉంటుంది; సీసాలోకి దిగేది 920 గ్రాములు; మిగిలిన నాలుగో వంతు కొవ్వు, దాదాపు 600 గ్రాముల మాంసకృత్తులు, అంటే కండను నిలబెట్టే ప్రోటీను, చెక్కలో ఉండిపోయి బర్రె తొట్టిలోకి చేరతాయి. రోలు మెల్లగా తిరుగుతుంటే ముదురు పసుపు రంగు నూనె సన్నటి ధారగా కారడం, ఆ వాసన వీధి మలుపు దాకా రావడం చూడ ముచ్చటైనవే; చాలీచాలని జీతం మీద కొవ్వు కొనేవారికి మాత్రం ఆ ముచ్చటకు వెల కట్టవలసి వస్తుంది. ఈ శీర్షిక ఇన్నాళ్లూ మోసిన గానుగ సీసా ఈ ఒక్క లెక్కలో ఓడిపోతుంది. గెలిచేది సంతలో తూకానికి దొరికే పల్లి. నువ్వులు కూడా గెలుస్తాయి గాని, వాటి ధర సాధారణంగా పల్లీల కంటే పైనే ఉంటుంది కనుక అవి రెండో వరుసలో నిలబడతాయి.

వంద గ్రాముల బియ్యం తగ్గించిన చోట 60 గ్రాముల పల్లీలు పెడితే శక్తి ఇంచుమించు సరితూగుతుంది. వాటితో 29 గ్రాముల కొవ్వు, 15 గ్రాముల మాంసకృత్తులు వస్తాయి, పిండిపదార్థం మాత్రం పది గ్రాములు దాటదు. ఇది కీటో కాదు, కీటో కానవసరం లేదు. సగం అన్నం మానినవాడి పూట గడిచే దారి. ఇనుప మూకుడులో సన్నటి సెగ మీద, గింజ చిటపటమనడం మొదలయ్యేదాకా కదుపుతూ వేయించి, చల్లారాక అరచేతుల మధ్య నలిపి, చాటలో పొట్టు చెరిగేసి డబ్బాలో పోసుకుంటే వారానికి వారం నిలవ ఉంటాయి. తడి తగిలి బూజు పట్టిన గింజను, రుచి చేదుగా మారిన గింజను మాత్రం ఏ పొదుపు కోసమూ తినరాదు, ఎందుకంటే అందులో పెరిగే బూజు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని విడుస్తుంది, అది కాలేయానికి హాని. గుడ్డును ఈ జాబితాలో చేర్చితే ఒక్కొక్కటి 5 గ్రాముల కొవ్వు, 6 గ్రాముల మాంసకృత్తులు ఇస్తుంది. ఈ జిల్లాలో పేరుమోసిన అంకాపూర్ నాటుకోడిని చేర్చమని ఎవరైనా అడగవచ్చు. అది పొదుపు ప్రస్తావన ఉన్న చోట ఎత్తవలసిన పేరు కాదు.

ఇన్సులిన్ తీసుకునేవారు, క్లోమం నుంచి ఇన్సులిన్‌ను బలవంతంగా రాబట్టే బిళ్లలు వేసుకునేవారు అన్నం తగ్గించేటప్పుడు మందు మోతాదు కూడా తగ్గవలసి రావచ్చు. అది చూసుకోకపోతే రక్తంలో గ్లూకోజు ఉన్నట్టుండి పడిపోయి కళ్లు తిరిగి కూలబడతారు. కాబట్టి ఈ మార్పు డాక్టరుకు చెప్పి చేయవలసిన పని. ఇంట్లో షుగరున్నది ఒక్కరికైతే ఆ ఒక్కరి కంచమే మారాలి. మిగతా ముగ్గురి బియ్యాన్ని వద్దనడానికి ఏ కారణమూ లేదు. నెలకు ఒకరికి రెండు కిలోల లోపు పల్లీలంటే చాలా ఇళ్లు మోయగలిగిన భారమే.

ఇంతవరకు లెక్క కుదిరింది. కుదరనిది వంట. ఈ ప్రాంతంలో కొవ్వుగింజ ఎక్కడ చూసినా అన్నానికో రొట్టెకో తోడుగానే పుట్టింది. పల్లికారం అన్నంలోకి, కుడుకకారం రొట్టెలోకి, వేయించిన నువ్వుల పొడి వేసిన పచ్చిపులుసు అయితే పూర్తిగా అన్నాన్ని నమ్ముకున్నదే. అన్నం లేకుండా దానిని తాగమంటే ఎంత విధేయుడైన రోగి అయినా రెండో రోజు మొరాయిస్తాడు. పిండి మీద ఆధారపడకుండా నిలబడే వంటకం వెతికితే, పెళ్లిళ్లలో తప్ప గుర్తుకురాని గుత్తివంకాయే ఎదురవుతుంది: పల్లీలు, నువ్వులు, కుడుక వేయించి నూరిన ముద్దను నాలుగు పక్షాలుగా చీల్చిన లేత వంకాయల్లో కూరి, చింతపండు రసంలో మగ్గనిస్తే, కొవ్వంతా కూరలోనే ఉంటుంది, దానిని అన్నం దాకా మోసుకుపోవలసిన పని ఉండదు. అదే ముద్ద కాకరకాయకు, బీరకాయకు, పుంటికూరకు కూడా ఒప్పుతుంది.

కానీ అన్నంలోకి కలుపుకోవడానికి నలుగురికి అరకిలో వంకాయలు సరిపోయే ఇంట్లో, అన్నం సగం చేసుకున్న ఒక్కరికే పూటకు పావుకిలో కావలసి వస్తుంది. పల్లీలు నెలకు ఒకసారి కొనేవి, ధర ముందే తెలిసినవి. వంకాయలు రెండు రోజులకోసారి కొనేవి, మార్గశిరంలో ఒక ధర, వైశాఖంలో మరో ధర. నిజామాబాద్ కూరగాయల బజారులో సాయంత్రం ఏడు దాటిన తర్వాత, మిగిలిన కుప్పను ఊడ్చి ఇచ్చే వేళకు సంచి పట్టుకొని వెళ్లేవారికి ఈ సంగతి ఏ పోషకాహార నిపుణుడూ చెప్పనవసరం లేదు.