యంత్రం తీసేది తేనె, మిగిల్చేది పట్టు

తేనె తీసే యంత్రం కొనాలా అని ఆలోచించే చిన్న పెంపకందారు, నాలుగు పెట్టెల్లో వచ్చే తేనెకు ఇంత ఖర్చు దండగ కాదా అని లెక్క వేస్తాడు. ఆ లెక్కను తేనెతో కాక మైనంతో మొదలుపెట్టాలంటాను. కిలో మైనం తయారవ్వాలంటే ఈగలు ఆరేడు కిలోల తేనె తినాలన్నది తరచూ చెప్పే అంచనా. అంకె అటూ ఇటూ అయినా ఖర్చు పెద్దదే. పట్టును పిండితే, పూత జోరుగా ఉన్న రోజుల్లో ఈగలు తేనె కూడబెట్టడం మాని మళ్లీ గోడలు కట్టుకోవాలి. లాంగ్‌స్ట్రాత్ రూపొందించిన కదిలే చట్రాల పెట్టెతో పట్టు పగలకుండా బయటికి వచ్చింది. దాన్ని ఖాళీ చేసి పదిలంగా తిరిగి ఇవ్వడం మాత్రం 1865లో ఫ్రాంజ్ హ్రుష్కా పట్టును గిరగిర తిప్పి తేనె తీసే పద్ధతి చూపాకే కుదిరింది. పిండిన తేనెలో పుప్పొడి, ఒక్కోసారి పిల్లపురుగుల రసం కూడా కలుస్తాయి. తేనె మాత్రమే దాచే పై అర చట్రాలను తిప్పితే ఆ బెడద ఉండదు.

అయితే పట్టును కాపాడేది యంత్రం ఒక్కటే కాదు, పిడి తిప్పే చేయి కూడా. మన పుట్ట తేనెటీగల కొత్త పట్టు మెత్తన. ఒక వైపు పూర్తిగా ఖాళీ అయ్యేదాకా జోరుగా తిప్పితే, రెండో వైపు తేనె బరువుకు అది యంత్రంలోని జాలీకి అదుముకుపోయి చీలుతుంది. మొదట నెమ్మదిగా సగం తీసి, చట్రం తిప్పి పెట్టి రెండో వైపు ఖాళీ చేసి, మళ్లీ మొదటి వైపుకు రావాలి. మూత పడని గదుల తేనెలో నీరు ఎక్కువ, పులుస్తుంది. ముప్పావు వంతైనా మూత వేసిన చట్రాలనే తీయాలి.

పాత పట్టును తీసేయడమే మంచిది కదా అంటారు. పిల్లపురుగులు పెరిగే అరలో నల్లబడ్డ పట్టు విషయంలో అది నిజం. పిల్లలు పెరగని పై అరకు వర్తించదు. నలుగురు కలిసి ఒక యంత్రం కొంటే రోగాలు పాకవా అన్నది గట్టి ప్రశ్న. 1990ల తొలినాళ్లలో థాయ్ శాక్‌బ్రూడ్ అనే పిల్లపురుగుల రోగం దక్షిణాది పెట్టెలను ఖాళీ చేసిన సంగతి తెలిసినవారు ఆ మాటను కొట్టిపారేయరు. రోగమున్న పెట్టెల చట్రాలను ఉమ్మడి యంత్రంలో పెట్టకూడదు. ప్రతి వాడకం తర్వాత ముందు చన్నీళ్లతో, ఆపై వేన్నీళ్లతో కడగాలి. వేన్నీళ్లు ముందే పోస్తే మైనం కరిగి డ్రమ్ముకు అంటుకుంటుంది. డ్రమ్ము స్టీలుదైతే మేలు, తేనెలోని ఆమ్లం జింకు పూతను తింటుంది. నన్ను ఎక్కువగా జంకించేది మాత్రం పని తేలికైపోవడమే: పూత అయిపోయే వేళ చివరి చట్రం కూడా తిప్పేస్తే, ఆకలికి తట్టుకోలేని పుట్ట తేనెటీగలు పెట్టె వదిలి లేచిపోతాయి.